‘పదేళ్లు దాటిన దస్త్రాలను తొలగించు’: ఒక యాంత్రికాదేశ వాక్యానికి అన్వయ పరిశీలన

వ్యాససంగ్రహం: కాలం తీరిన ఫైళ్లను తనంతట తానే తొలగించే దశను వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేర్‌లో అమర్చే వ్యక్తి రాసే షరతు సారాంశంలో ఒక వాక్యమే. వాక్యార్థ నిర్ణయానికి భారతీయ శాస్త్రకారులు చెప్పిన ఆకాంక్ష, యోగ్యత, సన్నిధులను ప్రమాణంగా తీసుకొని అటువంటి వాక్యాన్ని ఈ వ్యాసం చదువుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల రెవెన్యూ దస్త్రాలు ఈ పరిశీలనకు నేపథ్యం.

కీలకపదాలు: దస్త్రం, తొలగింపు, కొట్టివేత, నిల్వకాలం, ఆకాంక్ష, సన్నిధి, చుక్కల భూములు.

ఉపోద్ఘాతం

2024 జూలై 21, ఆదివారం రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు చెలరేగి రెవెన్యూ దస్త్రాలు దగ్ధమయ్యాయి. దర్యాప్తు సీఐడీ దాకా వెళ్లింది. అది ప్రమాదమా, ఎవరైనా చేసిన పనా అన్నది దర్యాప్తు సంస్థలూ న్యాయస్థానాలూ తేల్చవలసిన సంగతి. ఈ వ్యాసపరిధిలోనిది కాదు. అయితే ఆ కార్యాలయం ఒక్క మదనపల్లెది మాత్రమే కాదన్న విషయం ఇక్కడ ప్రస్తావనార్హం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు అమలులోకి వచ్చేవరకు పుంగనూరు, కుప్పం కూడా మదనపల్లె రెవెన్యూ డివిజన్‌లోనివే. పునర్విభజనలో కుప్పం ప్రత్యేక డివిజన్ అయింది. పుంగనూరు పలమనేరు డివిజన్‌లో చేరింది. ఊళ్లు కాగితం మీద ఒక్కరోజులో మారినా, వాటి పాత దస్త్రాలు అంత సులువుగా కదలవు. కుప్పం దగ్గరి ఒక గ్రామంలోని భూమికి 2010 ప్రాంతంలో నడిచిన ఉత్తరప్రత్యుత్తరాల కోసం ఇప్పటికీ మదనపల్లె వైపే చూడవలసిన పరిస్థితి రావచ్చు.

ఇటువంటి అగ్నిప్రమాదం తరువాత వెంటనే వినిపించే మాట ఒకటే: అన్నిటినీ స్కాన్ చేసి కంప్యూటర్‌లో పెట్టాలి. నిప్పుకు అది తగిన సమాధానమే. కానీ కంప్యూటర్‌లోని గుట్ట కూడా పెరుగుతుంది. నిల్వస్థలం నిండుతుంది, ఖర్చు పెరుగుతుంది, వెతుకులాట నెమ్మదిస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేర్ తెరిచి, నెలకొకసారి పాత ఫైళ్లను దానంతట అదే తీసివేసేలా ఒక దశను అమరుస్తారు. ఆ దశలో ఉండేది ఒక్క వాక్యం. మంట బూడిదను మిగులుస్తుంది, వాసనను మిగులుస్తుంది, పోలీసు కేసును మిగులుస్తుంది. ఈ వాక్యం, సరిగా రాయకపోతే, ఏదీ మిగల్చదు. ఒక కావ్యవాక్యం మీద పెట్టేంత శ్రద్ధను దీని మీద కూడా పెట్టడానికి ఈ ఒక్క కారణం చాలు.

పరిశీలనకు తీసుకున్న వాక్యం ఏ కార్యాలయానిదీ కాదు. ఇటువంటి అమరికల సామాన్యరూపం:

పదేళ్లు దాటిన దస్త్రాలను తొలగించు.

చూడటానికి నిర్దోషంగా ఉంది. సంధిదోషం లేదు, అన్వయక్లేశం లేదు. ఎనిమిదో తరగతి విద్యార్థి కూడా అర్థం చెప్పగలడు. చిక్కంతా అక్కడే ఉంది.

‘దాటిన’: ఎక్కడి నుంచి?

ఒక పదం వినగానే మరొక పదం కోసం శ్రోతలో కలిగే అపేక్ష ఆకాంక్ష. ‘దాటిన’ అన్న ధాతుజ విశేషణం వినగానే ‘ఎప్పటి నుంచి’ అన్న ప్రశ్న పుట్టాలి. మనుషుల మధ్య మాటల్లో ఆ ప్రశ్న సందర్భం వల్ల తీరిపోతుంది. కార్యాలయంలో పనిచేసే గుమాస్తాకు పదేళ్లు ఎక్కడి నుంచి లెక్కించాలో పై అధికారి చెప్పనక్కరలేదు; ఆయనకు ఆఫీసు మాన్యువల్ తెలుసు. యంత్రానికి సందర్భం లేదు. ఆకాంక్ష తీరని చోట అది ఆగి అడగదు. అందుబాటులో ఉన్న ఏదో ఒక తేదీతో దాన్ని పూరించుకుంటుంది.

ఆ తేదీలు ఒకటి కాదు. ఫైలు సృష్టించిన తేదీ, చివరిసారి మార్చిన తేదీ, సర్వర్‌లోకి ఎక్కించిన తేదీ, దస్త్రం నిజంగా ముగిసిన తేదీ: నాలుగూ వేరు. 1987లో ముగిసిన కాగితపు దస్త్రాన్ని 2025లో స్కాన్ చేస్తే, కంప్యూటర్ లెక్కలో దాని పుట్టుక 2025. విండోస్‌లో ఒక ఫైలును మరొక చోటికి నకలు చేస్తే సృష్టి తేదీ కొత్తదవుతుంది, మార్పు తేదీ సాధారణంగా పాతదే ఉంటుంది. కాబట్టి పుట్టకముందే మారినట్టు కనిపించే ఫైళ్లు కూడా తటస్థపడతాయి. డివిజన్లు విడిపోయినప్పుడు పుంగనూరు ఫైళ్లను మరొక సర్వర్‌కు తరలిస్తే అక్కడ జరిగేది ఇదే. సృష్టి తేదీని నమ్మిన షరతు వాటిని ఇంకో పదేళ్లు అనవసరంగా దాస్తుంది. మార్పు తేదీని నమ్మిన షరతు ఇంకా ప్రమాదకరం: పదేళ్లుగా కోర్టులో నానుతూ, ఎవరూ ముట్టుకోని దస్త్రాన్ని అది కాలం తీరినదిగా భావిస్తుంది.

మద్రాసు రాష్ట్రపు రోజుల నుంచి వస్తున్న జిల్లా కార్యాలయ పద్ధతిలో ఈ ప్రశ్నకు చక్కని సమాధానం ఉంది. దస్త్రం ముగిసినప్పుడు దాని సంఖ్య ముందు ఒక అక్షరం చేరుస్తారు. ఎల్.డిస్. అయితే ఒక సంవత్సరం, కె.డిస్. అయితే మూడు, డి.డిస్. అయితే పది, ఆర్.డిస్. అయితే శాశ్వతం. ఇక్కడ ఆయుర్దాయాన్ని నిర్ణయించేది వయసు కాదు, విషయం. ఆ నిర్ణయం చేసేది దస్త్రాన్ని చదివిన మనిషి. దాన్ని ముగిస్తున్న క్షణంలోనే, అంటే విషయం ఇంకా మనసులో తాజాగా ఉన్నప్పుడే, చేస్తాడు. యంత్రానికి మిగిలేది ఆ అక్షరాన్ని చదివి గడువును లెక్కించడం మాత్రమే. నిల్వకాలాన్ని సృష్టించిన తేదీ నుంచా, చివరిసారి మార్చిన తేదీ నుంచా, గుర్తు తగిలించిన నాటి నుంచా, ఏదైనా ఒక సంఘటన నుంచా లెక్కించాలో ఎంచుకునే వీలు షేర్‌పాయింట్ వంటి వ్యవస్థల్లో ఇప్పటికే ఉంది. ‘దస్త్రం ముగియడం’ అన్న సంఘటనను అక్కడ ఎంచుకోవడమంటే ఆ పాత నాలుగక్షరాల పద్ధతిని కొత్త యంత్రానికి నేర్పడమే. వయసును బట్టి తొలగించే సులువైన అమరిక ఆధునికంగా కనిపిస్తుంది గాని, వివేచనలో ఆ గుమాస్తా పద్ధతి కంటే వెనుకబడినది.

ఇంగ్లీషులో ‘డిస్పోజల్’ అన్న మాటే ఈ ‘డిస్.’. దానికి కార్యాలయ తెలుగు ‘పరిష్కారం’. అర్జీ పరిష్కారమైందంటే అది తేలిందని అర్థం, పారవేశారని కాదు. సాహిత్యంలో ఇదే మాటకు గ్రంథపరిష్కరణ అన్న అర్థం కూడా ఉండటం గమనార్హం. కడపలో సి.పి. బ్రౌన్ పండితుల చేత ప్రతులు సేకరింపజేసి, ఒకదానితో ఒకటి పోల్పించినప్పుడు ఏ పాఠం మేలైనదో తేల్చడం ఒక పని, మిగిలిన పాఠాంతరాలను నిలిపి ఉంచడం మరొక పని. తేల్చడమూ తుడిచివేయడమూ ఒకటి కాదన్న స్పృహ తెలుగు విద్వత్సంప్రదాయంలో కొత్తది కాదు.

‘దస్త్రాలను’: ఒకటా, కట్టా?

దస్త్రం అంటే మొదటి నుంచీ కాగితాల కట్ట. రెవెన్యూ దస్త్రంలో ఒకవైపు నోటు ఫైలు, మరొకవైపు అర్జీలు, నివేదికలు, ఉత్తర్వులు ఉండే కరెంటు ఫైలు. రెండూ కలిస్తేనే దస్త్రం. కంప్యూటర్‌లో ‘ఫైలు’ అంటే మాత్రం ఒక పీడీఎఫ్, ఒక చిత్రం, ఒక పట్టిక. తెలుగు చేసేవారు రెండింటికీ ‘దస్త్రం’ అనే వాడుతున్నారు. పదకోశంలో ఇది చిన్న సంగతి. తొలగింపు వాక్యంలో కాదు.

ఒక అసైన్డ్ భూమి వ్యవహారం 2012లో అర్జీతో మొదలై, 2015లో తహసీల్దారు విచారణ జరిగి, 2024లో ఉత్తర్వుతో ముగిసిందనుకుంటే, పాత పద్ధతిలో ఆ కట్ట మొత్తానికి ఒకే ఆయువు. అదీ 2024 నుంచి మొదలవుతుంది. పైన ఉదాహరించిన వాక్యం కట్టను చూడదు, విడివిడి కాగితాలను చూస్తుంది. స్కానింగు ఎప్పటికప్పుడు జరిగిన కార్యాలయంలో అది 2022లో అర్జీని తీసేస్తుంది, 2025లో విచారణ నివేదికను తీసేస్తుంది. ఉత్తర్వు మిగులుతుంది. ఎవరు అడిగారో, ఏ ఆధారం చూసి ఇచ్చారో లేని ఉత్తర్వు. నిప్పు కూడా కట్టను ఇంత క్రమంగా, మొదటి పుట నుంచి కాల్చుకుంటూ రాదు.

కనుక ‘దస్త్రాలను’ అన్న చోట ‘ముగిసిన దస్త్రానికి చెందిన కాగితాలన్నిటినీ కలిపి’ అన్నంత వివరం ఆ వాక్యానికి కావాలి. సాఫ్ట్‌వేర్ పరిభాషలో దీని అర్థం, షరతు ఒక్కొక్క ఫైలు మీద కాక ఆ ఫైళ్లున్న ఫోల్డర్ మీద, లేదా అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న దస్త్రసంఖ్య మీద పనిచేయాలి.

‘తొలగించు’

‘తొలగు’ అంటే పక్కకు జరగడం. దాని ప్రేరణరూపం తొలగించు. పక్కకు జరిగినది నశించదు, మరొకచోట ఉంటుంది. ఉద్యోగం నుంచి తొలగించిన మనిషి ఇంటికి వెళ్తాడు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ కింద నిషేధిత జాబితాలో ఉన్న సర్వే నంబరును ‘జాబితా నుంచి తొలగించారు’ అంటే పుంగనూరు రైతుకు అది శుభవార్త; భూమి ఎక్కడికీ పోలేదు, కట్టు విడిపోయింది. అదే క్రియ కంప్యూటర్ తెరమీద కనిపించినప్పుడు ఆ రైతు కుమారుడు, ఏ సచివాలయంలోనో పనిచేస్తున్నవాడు, దాన్ని అదే చల్లని అర్థంలో తీసుకుంటే తప్పుపట్టలేం.

తెలుగుకు ఈ పనికి మాటలు తక్కువ కాదు. చెరుపు, తుడుపు, కొట్టివేయు, తీసివేయు: వేటి ఛాయ వాటిది. చెరుపు ‘చెడు’కు ప్రేరణ, వస్తువు చెడిపోతుంది, తిరిగి రాదు. కొట్టివేత దీనికి భిన్నం. దస్తావేజు లేఖరి ఒక మాట మీద గీత గీసి పైన సరైన మాట రాస్తే, కొట్టివేసిన మాట కింద ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షను ప్రకారం దస్తావేజులోని వరుసల మధ్య చేర్పులకు, ఖాళీలకు, చెరిపివేతలకు, మార్పులకు రాసి ఇచ్చినవారి సంతకం ఉండాలి. లేకుంటే రిజిస్ట్రారు నిరాకరించవచ్చు. అంటే తీసివేయడం కూడా ఒక రాతే, దానికీ కర్త ఉండాలి అన్న సూత్రం ఈ నేలమీద ప్రతి సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ముందున్న లేఖరికీ తెలుసు.

సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండు పనులూ వేరువేరుగానే ఉన్నాయి. షేర్‌పాయింట్‌లో తొలగించిన ఫైలు మామూలుగా 93 రోజులు రీసైకిల్ బిన్‌లో ఉంటుంది, గూగుల్ డ్రైవ్‌లో 30 రోజులు ట్రాష్‌లో ఉంటుంది. ఆ దశలో అది కొట్టివేత మాత్రమే. గడువు తీరాక జరిగేది చెరిపివేత. లినక్స్ సర్వర్‌లో ఆదేశవాక్యంతో తొలగిస్తే మధ్యలో బుట్టే లేదు. మొదటి పనే చివరి పని. ఈ మూడు స్థితులకూ తెలుగు తెరలు చాలావరకు ఒకే ‘తొలగించు’తో సరిపెట్టుకుంటున్నాయి. మూడు భాషలు కలిసే కుప్పంలో ఇరుగుపొరుగు తెరలను కూడా చూడవచ్చు. తమిళం ‘నీక్కు’ అంటుంది. అది తెలుగు తొలగింపు లాగే పక్కకు తీయడానికి దగ్గర. కన్నడం ‘అళిసు’ అంటుంది. అందులో నాశం వినిపిస్తుంది. ఈ విషయంలో కన్నడమే ఎక్కువ నిజాయితీగా ఉంది. తిరిగి తెచ్చుకోగల స్థితికి ‘కొట్టివేత’, తెచ్చుకోలేని స్థితికి ‘చెరిపివేత’, జాబితాల విషయానికి మాత్రమే ‘తొలగింపు’ అని విడదీస్తే, బొత్తం నొక్కే వేలు కనీసం ఒక క్షణం ఆగుతుంది. న్యాయస్థానాల్లో పిటిషన్ కొట్టివేత అన్న ప్రయోగం రూఢమైనందువల్ల కొంత గందరగోళం రావచ్చు. కానీ కొట్టివేసిన పిటిషన్‌కు కూడా అప్పీలు ఉంటుంది గదా.

ఇక కర్త సంగతి. ‘తొలగించు’ విధ్యర్థకం, దాని కర్త ‘నీవు’, అంటే యంత్రం. పని జరిగాక చిట్టాలో నమోదయ్యేది ‘తొలగించబడింది’. తెలుగు వాడుకకు అంతగా పొసగని ఈ కర్మణిరూపం కర్తను మరుగుపరచడానికి మాత్రం చక్కగా పనికివస్తుంది. పవర్ ఆటోమేట్ వంటి వర్క్‌ఫ్లోలు సాధారణంగా వాటిని అమర్చిన వ్యక్తి ఖాతాతోనే ఫైళ్లను ముట్టుకుంటాయి. మదనపల్లెలో ఒక ఉద్యోగి తన ఖాతాతో అమర్చి, తరువాత కుప్పానికి బదిలీ అయితే, ఆ ఖాతా చెల్లుబాటులో ఉన్నంతకాలం ప్రతి నెలా మొదటి తేదీన ఆయన పేరుతో మదనపల్లె ఫైళ్లు పోతూనే ఉంటాయి. ఆయన నిద్రపోతూ ఉంటాడు. వ్యాకరణం ఆయనను కర్త అంటుందా అనటం కష్టం. దర్యాప్తు అధికారి మాత్రం తప్పకుండా అంటాడు.

చుక్క

ఇంతవరకు చూసినవి వాక్యంలో ఉన్న పదాలు. లేని పదం ఒకటుంది: తేదీ గడి ఖాళీగా ఉంటే ఏం చేయాలి?

బ్రిటిషు కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లలో, భూమి ప్రభుత్వానిదో ప్రైవేటుదో తేలని చోట పట్టాదారు గడిలో చుక్కలు పెట్టారు. ‘చుక్కల భూములు’ అన్న పేరు అలా వచ్చింది. చుక్క అంటే ‘ఎవరిదీ కాదు’ అనా, ‘ఎవరిదో తెలియదు’ అనా, ‘అడిగినప్పుడు ఎవరూ చెప్పలేదు’ అనా? మూడు అర్థాలూ ఒకే గుర్తులో ఇరుక్కున్నాయి. తరాల తరబడి సాగుచేసుకున్న కుటుంబాలు అమ్ముకోలేక, అప్పు తెచ్చుకోలేక తిరిగాయి. ఆ చుక్కలను సరిదిద్దడానికి ఆంధ్రప్రదేశ్ 2017లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చింది.

ముగింపు తేదీ లేని దస్త్రం కంప్యూటర్‌లోని చుక్కల భూమి. అది ఇంకా ముగియలేదా, ముగిసినా తేదీ ఎక్కించలేదా, స్కాన్ చేసినవాడికి తెలియక వదిలేశాడా? కొన్ని సాఫ్ట్‌వేర్లు ఖాళీ తేదీని సున్నాగా, అంటే అతి పాతదిగా పరిగణిస్తాయి. కొన్ని దాన్ని పోలికకు అందనిదిగా వదిలేస్తాయి. ఏది జరుగుతుందో అమర్చేవాడు ఊహించుకోకూడదు, వాక్యంలో చెప్పాలి: తేదీ గాని, తరగతి అక్షరం గాని లేని దస్త్రం జోలికి పోరాదు. చుక్కను చూసి ప్రభుత్వభూమి అనుకోవడం ఎంత అన్యాయమో, ఖాళీని చూసి కాలం తీరిందనుకోవడమూ అంతే అన్యాయం.

యోగ్యత, సన్నిధి

‘నిప్పుతో తడుపు’ అన్న వాక్యానికి యోగ్యత లేదన్నది శాస్త్రగ్రంథాల ప్రసిద్ధోదాహరణ. వ్యాకరణం కుదిరినా అర్థం కుదరదు. స్టే ఉన్న దస్త్రం, విచారణలో ఉన్న దస్త్రం, సమాచార హక్కు కింద ఎవరో అడిగిన దస్త్రం ‘తొలగించు’ అన్న క్రియకు అటువంటివే. కేంద్రప్రభుత్వ రికార్డులకు వర్తించే 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం 1892కు ముందు పుట్టిన రికార్డును, ఆర్కైవుల్లో ఏ ఉపయోగానికీ పనికిరానంతగా పాడైతే తప్ప, నశింపజేయరాదంటుంది. ఇవి అపవాదసూత్రాలు. ఉత్సర్గాన్ని మాత్రమే రాసి అపవాదాన్ని మరిచిపోయిన వ్యాకరణం ఎంత పనికివస్తుందో, ఇవి లేని అమరిక అంతే పనికివస్తుంది.

సన్నిధి మీద మరికొంత చెప్పాలి. పదాలను గంటల ఎడంతో ఉచ్చరిస్తే వాక్యం కాదంటారు పూర్వులు. వర్క్‌ఫ్లో అచ్చంగా ఆ తప్పే చేస్తుంది: రాత్రి పన్నెండింటికి షరతుకు లోబడిన వాటి జాబితా తీస్తుంది, ఒక్కొక్కటిగా తొలగించుకుంటూ తెల్లవారేదాకా పోతుంది. ఆమోదం కోసం ఆగవలసి వస్తే ఎడం రోజులకు, వారాలకు పెరుగుతుంది. ఈలోగా స్టే ఉత్తర్వు వచ్చి దస్త్రం తిరిగి తెరుచుకుంటే, ‘ముగిసిన’ అన్న విశేషణం అబద్ధమైపోతుంది. క్రియ మాత్రం ఆగదు. కాబట్టి షరతును జాబితా తీసేటప్పుడు ఒకసారి, తొలగింపుకు సరిగ్గా ముందు మరొకసారి, క్రియ పక్కనే చూడాలి.

పదక్రమం విషయంలో తెలుగుకు ఒక సహజమైన మేలుంది. యూనిక్స్, లినక్స్ వ్యవస్థల్లో ‘ఫైండ్’ అనే ఆదేశంతో పాత ఫైళ్లను వెతికి తొలగించవచ్చు. అక్కడ తొలగింపు మాటను వయసు షరతుకు ముందు రాస్తే, షరతు చూడకముందే అన్నీ పోతాయి. దాని కరదీపికలోనే ఈ హెచ్చరిక ఉంది. క్రియతో మొదలయ్యే ఇంగ్లీషు ఆజ్ఞావాక్యానికి అలవాటుపడిన చేతికి ఈ పొరపాటు సులువు. తెలుగు క్రియాంతభాష. విశేషణాలు, షరతులు, మినహాయింపులు అన్నీ వచ్చి కూర్చున్నాక గాని సమాపకక్రియ రాదు. తెలుగులో ముందు సరిగ్గా రాసి ఆ క్రమంలోనే దశలను పేర్చుకునేవాడికి ఈ ప్రమాదం తక్కువ.

అయితే ఆ వాక్యం ఒక్కటిగా ఉండదు, రెండుగా విడిపోతుంది. రెంటికీ మధ్య తెలుగులో ఒక సూక్ష్మమైన ప్రత్యయభేదం పనిచేస్తుంది: ‘తొలగించదగిన’, ‘తొలగించవలసిన’. మొదటిది అర్హత, రెండోది విధి. యంత్రం చెప్పగలిగేది అర్హత మాత్రమే. మొదటి వాక్యం ఇలా ఉండవచ్చు: ‘ముగింపు తేదీ, తరగతి అక్షరం రెండూ నమోదై, ఆ అక్షరానికి చెల్లిన గడువు ముగింపు తేదీ నుంచి దాటి, ఏ నిలుపుదలకూ లోబడని దస్త్రాలను కాగితాలన్నిటితో కలిపి తొలగించదగిన వాటిగా జాబితా చెయ్యి.’ రెండో వాక్యం: ‘ఆ జాబితాలో అధికారి పేరుతో ఆమోదించిన దస్త్రాలను, ఆ షరతులు ఇప్పటికీ నిజమైతే, కొట్టివేసి, ఎవరి ఆమోదంతో కొట్టివేశావో పట్టికలో రాయి.’ చెరిపివేత ఆ తరువాతి సంగతి. దానికి బుట్ట గడువు ఉంది. ఆ పట్టికకు మాత్రం ఏ గడువూ ఉండకూడదు, అది ఆర్.డిస్.

జాబితాను ఆమోదించే మనిషి దాన్ని చదవగలగాలి. స్కానింగు యంత్రం పెట్టిన ‘స్కాన్ 0047’ అన్న పేరు ముందు ఎంత శ్రద్ధ గల అధికారి అయినా నిస్సహాయుడే. అటువంటి వరుసలు మూడు వందలు వస్తే ఎవరైనా అన్నిటికీ కలిపి ఒకే టిక్కు పెట్టేస్తారు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యేదాకా ఏ కాగితం ఏ పొలానిదో చెప్పగల మనిషి ఊళ్లోనే ఉండేవాడు. ఆ జ్ఞానంతో పాటు దాన్ని అడ్డుపెట్టుకుని నడిచిన పెత్తనం కూడా ఉండేది కాబట్టి ఆ వ్యవస్థ తిరిగి రావాలని కోరేవారు ఎవరూ లేరు. అయితే ఆ మనిషి చెప్పగలిగిన ఊరి పేరు, సర్వే నంబరు, అర్జీదారు పేరు, విషయం, ముగింపు తేదీ అన్న అయిదు గడులు మాత్రం జాబితాలో ప్రతి వరుసలోనూ ఉండాలి. వాటిని స్కాన్ చేసే రోజే, కట్ట ఇంకా బల్లమీద విప్పి ఉండగానే, ఎక్కించాలి.